నీళ్లు బాగా తాగమని చెప్పాను

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. ఒక డాక్టరు తన అనుభవాలు ఇక్కడి నుంచి మొదలుపెట్టడం వింతగా అనిపించవచ్చు. కానీ గిద్దలూరు, కొమరోలు వైపు పల్లెల్లో నడుం నొప్పికి డాక్టరు కంటే ఎదురుకాళ్లతో పుట్టినవాడికే గిరాకీ ఎక్కువ. నడుం పట్టేసినవాళ్లు బోర్లా పడుకుంటారు. అట్లా పుట్టినవాడు వచ్చి ఎడమకాలితో నడుం మీద మూడుసార్లు రాస్తాడు. దాంతో పట్టు వదులుతుందని నమ్మకం. బడి నుంచి వస్తుంటే దారిలో ఆపి, చేతిలో బెల్లం ముక్క పెట్టి, నాచేత నడుం తొక్కించుకున్న పెద్దవాళ్లు ఎందరో. మా నాయన మురిసిపోయేవాడు. నేను సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి.

ఆ సిగ్గు డాక్టరు చదువు పూర్తయ్యాక కోపంగా మారింది. ఆ కోపం వల్ల ఏం జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరి, ఈ మెట్ట మండలాల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వస్తున్న కుర్ర డాక్టర్ల కోసం రాస్తున్నాను. నా బదిలీలు, నాకు కప్పిన శాలువాలు మీకు అక్కర్లేదు. నేను చేసిన తప్పు మాత్రం మీకు పనికొస్తుంది.

పెద్దాయన నేర్పింది

మొదటి రెండేళ్లు నేను ఒక పెద్ద డాక్టరు కింద పనిచేశాను. మనిషి ముక్కోపి. రోగి ముందే మమ్మల్ని తిట్టేవాడు. కానీ నడుం చూడడం నేర్పింది ఆయనే. ఎక్కడ నొప్పి అని అడిగే ముందు ఏం పని చేస్తావని అడగమనేవాడు. మిరపకాయలు కోసే ఆడమనిషి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వంగే ఉంటుంది. పలకల ఫ్యాక్టరీలో రాయి చీల్చేవాడు గొంతుక్కూర్చుని లేవడు. బోరులారీ మీద పనిచేసేవాడు ఇనుప గొట్టాలు ఎత్తుతాడు. శ్రీశైలం ఘాటులో బస్సు తోలేవాడికి సీటు కుదిపిన కుదుపు రాత్రి పడుకున్నా పోదు. ఇవన్నీ కండరాల నొప్పులే. పని ఆగితే సగం తగ్గుతాయి.

నొప్పి ఒక పక్కనుంచి గజ్జల్లోకి దిగి, వాంతి వస్తుంటే మూత్రపిండంలో రాయి ఉందేమో చూడాలి. సాయంత్రం జ్వరం వస్తూ మనిషి చిక్కిపోతుంటే వెన్నుపూసలో క్షయ ఉందేమో అనుమానించాలి. కాళ్లు మొద్దుబారినా, మూత్రం మీద అదుపు పోయినా ఒక్క గంట కూడా మన దగ్గర ఉంచుకోకూడదు. ఇవన్నీ ఆయన నాకు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. నా చేత అప్పజెప్పించుకున్నాడు.

ఇంకొకటి కూడా చెప్పాడు. ఆయన దర్శి వైపు చాలాకాలం పనిచేశాడు. అక్కడ ఫ్లోరైడు నీళ్లతో ఎముకలు బిగుసుకుపోయిన ఊళ్లు చూశాడు. నడుం నొప్పి అంటే ముందు నోరు తెరిపించి పళ్లు చూడమన్నాడు. పళ్ల మీద గోధుమరంగు చారలుంటే అది ఫ్లోరైడే. నేను దాన్ని తిరగేసి నేర్చుకున్నాను. పళ్లు తెల్లగా ఉంటే ఫ్లోరైడు కాదని నాకు నేనే ఖాయం చేసుకున్నాను. ఆయన అట్లా అనలేదు. ఈ తప్పు పూర్తిగా నాదే.

సలహాల సంగతి కూడా చెప్పాలి. రెస్టు తీసుకోమని నేను రాసిచ్చిన కాగితాలన్నీ ఒకచోట పోస్తే ఒక గది నిండుతుంది. తీసుకున్నవాడు ఒక్కడూ గుర్తులేడు. నొప్పి సూది వేస్తే మధ్యాహ్నానికి మళ్లీ పనిలోకి పోతారు, అందుకే సూది వెయ్యని డాక్టరు దగ్గరికి మళ్లీ రారు. నేను కూడా వేశాను. వారానికి రెండేసి సూదులు ఏళ్ల తరబడి వేయించుకుని మూత్రపిండాలు పోగొట్టుకున్నవాళ్లను తర్వాత చూశాను. వాళ్లలో నేను వేసిన సూదుల వాటా ఎంతో నాకు తెలియదు. తెలియకపోవడం వల్ల నాకు నిద్రపట్టడమేమీ సులువు కాలేదు.

పది చెంబులు

ఓబులమ్మ నా దగ్గరికి వచ్చింది మందు కోసం కాదు, నా కాలు కోసం. అప్పుడు నేను కొమరోలు వైపు ఒక ఆరోగ్య కేంద్రంలో ఉన్నాను. ఆమెది పక్క ఊరు. గొర్రెల కుటుంబం, రెండెకరాల వాన చేను. నాకంటే నాలుగైదేళ్లు పెద్దదై ఉంటుంది. మండుటెండల్లో గొర్రెల వెనక తిరిగి, ఉన్నట్టుండి నడుం పట్టేసి, పక్కకు ఒరిగిపోయి వచ్చింది. వెంట ఏడేళ్ల కూతురు పద్మ ఉంది. నేను ఎదురుకాళ్లవాణ్ణని మా ఊళ్లో ఉన్న ఆమె బంధువులెవరో చెప్పారట.

"నీది మంచి కాలంట గదా సార్. ఒక్కతూరి రాయి, పోతాను" అంది.

వరండాలో జనం నవ్వారు. నాకు ఒళ్లు మండింది. నేను ఇంత చదివింది జనాన్ని కాలితో తన్నడానికా అని అరిచాను. ఆమె చిన్నబోయి పద్మ భుజం పట్టుకుని నిలబడింది. తర్వాత బల్ల మీద పడుకోబెట్టి చూశాను. వెన్నుకు రెండు పక్కలా కండరాలు తాళ్లలా బిగుసుకుని ఉన్నాయి. నాలుక ఎండిపోయి ఉంది. పొద్దున్నుంచి ఎన్నిసార్లు నీళ్లు తాగావని అడిగితే మధ్యాహ్నం వాగులో ఒకసారి అంది. ఎండలో చెమటంతా పోయి, నీళ్లూ ఉప్పూ తగ్గి కండరం పట్టేసిందని తేలిపోయింది. నోరు తెరవమని పళ్లు చూశాను. తెల్లగా, గట్టిగా ఉన్నాయి.

మజ్జిగలో ఉప్పేసుకుని తాగమన్నాను. రోజుకు పది చెంబుల నీళ్లు తాగాలని చెప్పాను. కాలు పెట్టనన్నందుకు కొంచెం జాలిపడ్డానేమో, నా కాలికంటే ఆ నీళ్లే బాగా పనిచేస్తాయని మాటిచ్చాను. ఆ మాట నేను అన్నది నిజం.

పోయే ముందు పద్మ నవ్వింది. ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు కనబడ్డాయి. వేపపుల్లతో తోముకోవడానికి బద్ధకమా అని దాన్ని మందలించాను. అది నోరు మూసుకుంది.

ఇప్పుడు ఈ రెండు నోళ్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. తల్లి పళ్లు చిన్నప్పుడు చేదబావి నీళ్లతో ఎదిగాయి, అందుకే బాగున్నాయి. తర్వాత బావి ఎండిపోయింది. పద్మ పుట్టిన ఏడాదే ఊళ్లో లోతుగా బోరు వేశారు. ఆ పిల్ల పళ్లు బోరు నీళ్లతో ఎదిగాయి. పళ్లు ఒకసారి వచ్చేశాక ఫ్లోరైడు వాటి జోలికి పోదు, ఎముకల్లోకి పోతుంది. ఆ లోతు రాళ్లలో ఏముందో చెప్పే సాక్ష్యం నా ఎదురుగా నిలబడి నవ్వింది. నేను దాన్ని తిట్టి పంపాను.

వారానికి ఓబులమ్మ మళ్లీ వచ్చింది, చక్కగా నిటారుగా నడుస్తూ. పట్టు పూర్తిగా వదిలిందని చెప్పి, గొర్రె పాలతో కాచిన జున్ను తెచ్చింది. ఆ రోజు నేను చాలా గర్వపడ్డాను. కాలు ఓడిపోయి చదువు గెలిచిందని ఆసుపత్రిలో అందరికీ చెప్పుకున్నాను. ఊళ్లో వైద్య శిబిరం పెట్టినప్పుడు ఆమెనే లేపి నిలబెట్టి, అందరూ ఆమెలాగా నీళ్లు తాగాలని చెప్పాను. ఆ బోరు దగ్గరే నిలబడి ఒక చెంబు నేను కూడా తాగాను. నీళ్లు తేలికగా, రుచిగా ఉన్నాయి.

మూడేళ్లకు నాకు బదిలీ అయింది.

రాళ్లు

ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు నేను వేరే జిల్లాల్లో తిరిగాను. చివర్లో మార్కాపురం వచ్చాను. ఒక సోమవారం ఓపీలో ఒక ముసలామెను పట్టుకుని ఒక యువతి లోపలికి తీసుకొచ్చింది. ముసలామె నడుం దగ్గర ముందుకు వంగిపోయి ఉంది. నా ముఖం చూడడానికి మెడ ఎత్తలేక ఒళ్లంతా వెనక్కి వాల్చింది. నేను పోల్చుకోలేదు. ఆమె పోల్చుకుంది. వాళ్లు ఓబులమ్మ, పద్మ.

మొదట్లో అప్పుడప్పుడూ పొద్దున నడుం బిగుసుకునేదని, తర్వాత వంగడం కష్టమైందని, నాలుగేళ్లుగా గొర్రెల వెనక పోలేకపోతోందని పద్మ చెప్పింది. చేతులు తల వెనక పెట్టమన్నాను, పెట్టలేకపోయింది. గడ్డం గుండెకు ఆనించమన్నాను, ఆనలేదు. గొంతుక్కూర్చోమంటే పద్మ అడ్డం వచ్చి, వద్దు సార్ పడిపోతుందంది. ఎక్స్‌రే తీయించాను. వెన్నెముక సున్నం కొట్టిన గోడలాగా తెల్లగా ఉంది. పూసకూ పూసకూ మధ్య ఉండాల్సిన సందులు పూడిపోయాయి.

అప్పటికి కూడా నాకు నా మాట గుర్తురాలేదు. నీళ్లు ఏవి తాగుతావని అడిగాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆమెను ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

ఆమె నడుముకు కట్టుకున్న గుడ్డసంచి విప్పి టేబుల్ మీద బోర్లించింది. పది గులకరాళ్లు. గొర్రెలు లెక్క తప్పకుండా వాళ్లు రాళ్లు పెట్టుకుంటారు. ఈమె చెంబులకు పెట్టుకుంది. పొద్దున సంచి విప్పి పది రాళ్లూ ఎడమవైపు రొంటిన దోపుకుంటుంది. ఒక చెంబు తాగితే ఒక రాయి కుడివైపుకు మారుతుంది. పొద్దుగూకేలోగా పదీ మారాలి. చేతుల్లో తిరిగి తిరిగి ఆ రాళ్లు నున్నబడి ఉన్నాయి.

"నువ్వు చెప్పినట్లే తాగినాను సార్. ఒక్క దినం కూడా తప్పలేదు" అంది.

నా మాట ఇంత నిష్ఠగా పాటించిన రోగి నా జీవితంలో మరొకరు లేరు. మందులు వాడమంటే మూడో రోజుకు మానేసే జనం మనవాళ్లు. వాళ్లలో ఒక్క మనిషి ఇరవై ఏళ్లకు పైగా నా మాట మీద నిలబడింది. ఆ మాటే ఆమెను వంచేసింది. ఆమె ఊరికే తాగలేదు, వీధి వీధికీ చెప్పింది కూడా. బోరు దగ్గర నడుం నొప్పి అన్నవాళ్లందరికీ డాక్టరు పది చెంబులు తాగమన్నాడని చెప్పేదట. అది చెప్పేటప్పుడు పద్మ గొంతులో గొప్ప ఉంది.

ఆమెకు నిజం చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెప్పకపోతే నా పరువు నిలుస్తుంది. ఎముకల్లో చేరింది ఎట్లాగూ తిరిగి రాదు. కానీ చెప్పకపోతే రేపు పొద్దున మళ్లీ పది రాళ్లు ఎడమ రొంటిలోకి పోతాయి. చెప్పాను. జబ్బు మీ బోరు నీళ్లలోనే ఉందక్కా అన్నాను.

ఆమె రాళ్లు ఒక్కొక్కటే ఏరి సంచిలో వేసుకుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"మరి నువ్వే గదా సార్ తాగమన్నావు" అంది. అందులో కోపం లేదు. తెలియక అడిగింది.

 తప్పు నాదేనని అన్నాను. ఆమెకు అది అర్థమైందో లేదో నాకు తెలియదు. డాక్టరు తప్పు చెప్పాడంటే నమ్మలేని మనిషి ఆమె. పద్మకు మాత్రం అర్థమైంది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎక్స్‌రే కవరు తీసుకుంది. ఆ పళ్ల చారలు దాచుకోవడం ఆమెకు అలవాటైపోయిందని అప్పుడు చూశాను. ఆ అలవాటు ఎవరి దగ్గర మొదలైందో కూడా నాకు తెలుసు.

ఎర్ర రంగు

ఆ తర్వాత నేను చేసినవన్నీ చేతకాని పనులు. నీళ్లు పరీక్షకు పంపాను. ఫ్లోరైడు ఎక్కువగా ఉందని వచ్చింది. తిరగాల్సిన ఆఫీసులన్నీ తిరిగాను. బోరుకు ఎర్ర రంగు వేసి, తాగరాదని రాశారు. రెండు వేసవులకు ఆ అక్షరాలు ఎండకు వెలిసిపోయాయి. నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు ఒకటి పెట్టారు. కొన్నాళ్లు నడిచింది. మోటారు కాలింది, బాగుచేశారు, మళ్లీ కాలింది. ఇప్పుడు దాని గదిలో ఎవరివో మేకలు కట్టేసి ఉంటాయి. ఆటోలో క్యానులు వస్తాయి. ఎత్తి ఇంట్లో పెట్టుకోగలవాళ్లు, రోజూ కొనగలవాళ్లు కొంటారు. మిగతావాళ్లు వెలిసిపోయిన అక్షరాల కిందే బిందె పెడతారు.

కొత్తగా వచ్చే డాక్టర్లు నన్ను ఈ జబ్బుకు మందేమిటని అడుగుతారు. లేదు. పాలు, పెసలు, ఆకుకూరలు బాగా తినాలి. నీళ్లు మార్చుకోవాలి. నొప్పి సూదులు తగ్గించాలి, ఎందుకంటే మూత్రపిండాలు పాడైతే ఆ విషం బయటికిపోయే దారి కూడా మూసుకుంటుంది. ఇంతకుమించి నాకు తెలియదు. ఎండలో పట్టేసిన నడుముకు నీళ్లు తాగమనడం ఇప్పటికీ సరైన వైద్యమే, ఏ పుస్తకం తెరిచినా అదే ఉంటుంది. పుస్తకం రాసినవాడికి కొమరోలు బోరు తెలియదు. అది మీరే తెలుసుకోవాలి. నీళ్లు తాగమనే ముందు ఏ నీళ్లు అని అడగండి. ఎంత లోతు బోరు, ఎన్నేళ్లయింది అని అడగండి. పెద్దవాళ్ల పళ్లు చూసి ఊరుకోకండి, ఆ ఇంట్లో పిల్లల్ని నవ్వించి చూడండి.

ఇవన్నీ చెప్పినా పెద్దగా ఏమీ మారుతుందని నాకు ఆశ లేదు. మీరు అడుగుతారు, వాళ్లు బోరు నీళ్లంటారు. తర్వాత మీరేం చెప్తారు? నేను రిటైరయ్యే నాటికి ఆ తర్వాతి మాట నాకు దొరకలేదు.

మొన్న వెళ్లినప్పుడు

రిటైరయ్యాక ఒకసారి ఓబులమ్మ ఇంటికి వెళ్లాను. రమ్మని ఎవరూ పిలవలేదు. గిద్దలూరులో పెళ్లికి వెళ్లి, అక్కడి నుంచి కొమరోలు బస్సెక్కాను. పద్మ పత్తి చేలో కూలికి పోయింది. పద్మ కూతురు బడికి పోయింది. ఓబులమ్మ వరండాలో గోడకు పక్క ఆనించి కూర్చుని ఉంది. నన్ను గొంతు పట్టి గుర్తుపట్టింది, తల తిప్పలేకపోయింది. నేనే పోయి ఎదురుగా కూర్చున్నాను.

బస్సులో వస్తున్నప్పుడే ఒకటి అనుకున్నాను. నా చదువుతో ఈమెకు చేసింది ఇది. నా కాలు ఎవరికీ మేలు చేసి ఉండదు, కానీ ఎవరి నడుమూ విరగ్గొట్టలేదు. ఆ రోజు వరండాలో జనం ముందు నా పరువు చూసుకోకుండా మూడుసార్లు కాలు రాసి పంపి ఉంటే, ఆమె వారానికి మామూలుగానే కోలుకునేది. కాలే నయం చేసిందని ఊరంతా చెప్పుకునేది. ఆ మాట వల్ల ఒక్కరికీ ఒక్క ఎముకా పాడయ్యేది కాదు.

"కాలు పెట్టమంటావా అక్కా" అని అడిగాను. 

ఆమె నవ్వింది. పళ్లు ఇప్పటికీ తెల్లగానే ఉన్నాయి.

"బోర్లా పండుకోవాల గదా నాయనా. ఈ నడుం యాడ సాగుతాది" అంది.

నిజమే. నాకు ఆ మాత్రం తోచలేదు. ఆ నడుము నేలకు ఆనక ఎన్నేళ్లయిందో. ఒక పక్కకే పడుకుంటుందట, తిరగాలంటే పద్మ లేచి తిప్పాలట. నేను కాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. కాసేపు వానల గురించి, ఎండిపోయిన కంది చేల గురించి మాట్లాడుకున్నాం.  రాళ్లు గూట్లో దీపం పక్కన కనబడ్డాయి, పదీ ఉన్నాయి.

వెళ్లేటప్పుడు ఆమె గోడ పట్టుకుని లేచింది. వద్దంటే వినలేదు. ఒక్కో అడుగూ వేసుకుంటూ లోపలికి పోయి, చాలాసేపటికి చెంబుతో నీళ్లు తెచ్చింది. గడప దాటేటప్పుడు సగం ఒలికాయి. చెంబు నా ముందుకు చాపింది. తీసుకోవడానికి నా చెయ్యి లేచి, మధ్యలో ఆగింది. ఒక్క క్షణమే. ఆమె తల వంచుకునే ఉంది కాబట్టి చూసి ఉండదనుకున్నాను. చూసింది.

"తాగు సార్. నీకు క్యాను నీళ్లే పోసినా" అంది. "అవి మనవరాలికి పెట్టినాము. నాకు ఇంక ఏ నీళ్లయితే ఏంది, బోరు నీళ్లే చాల్లే."

చెంబు తీసుకున్నాను. ఆమె చూస్తుండగా మొత్తం తాగాను.